మంచి మనసు ఒక్కటే చాలదు
(ఉప్పునీటి అక్వేరియంలో చేపలు ఎందుకు చనిపోతాయి?)



పిల్లల సంతోషం కోసం కొన్ని కుటుంబాలవారు ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టుకుంటున్నారు. నారింజ రంగు ఒంటిపై తెల్లని పట్టీలుండే క్లౌన్ చేపను 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రం ఎందరో పిల్లలకు పరిచయం చేసింది. అయితే కొత్త తొట్టెలో వేసిన చేపలు కొద్ది వారాల్లోనే ఒకదాని వెంట ఒకటి చనిపోవడం తరచుగా జరుగుతుంది. “వేళకు మేత వేశాం, తొట్టె శుభ్రంగా కడిగాం, మేము చేసిన తప్పేమిటి?” అని ఇంటిల్లిపాదీ బాధపడతారు. చాలాసార్లు ఆ శ్రద్ధే చేపల ప్రాణం తీస్తుంది. అదెలాగో కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

కంటికి కనబడని విషం

చేప శరీరం నుండి, ముఖ్యంగా మొప్పల ద్వారా, అమ్మోనియా నీటిలోకి చేరుతుంది. తినక మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు. కనుక నీరు అద్దంలా తేటగా కనిపిస్తూనే విషపూరితమై ఉండవచ్చు. పైగా ఉప్పునీటి తొట్టెలో పి.హెచ్. సాధారణంగా 8.1 నుండి 8.4 వరకు ఉంటుంది. నీటిలో క్షారగుణం పెరిగేకొద్దీ అమ్మోనియాలో చేపకు హాని చేసే రూపం పాలు కూడ పెరుగుతుంది.

మరి సముద్రంలో చేపలు ఎలా బ్రతుకుతున్నాయి? అక్కడ నీరు అపారం. అదీగాక కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. నైట్రైట్ కూడ హానికరమే. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. ఇట్టి బాక్టీరియాను రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. కొత్త తొట్టెలో ఈ సేవకులు దాదాపు ఉండరు. ఇసుకలో, రాళ్లపై, ఫిల్టరులో అవి తగినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. మనం అంతవరకు ఆగలేకపోవడమే మొదటి చిక్కు.

మంచి ఉద్దేశ్యంతో చేసే పొరపాట్లు

1. ఒంటరి చేప బెంగపెట్టుకుంటుందని ఒకే రోజున నాలుగైదు వేస్తాం. విషం ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని మార్చే బాక్టీరియా మాత్రం పెరగదు.

2. ఆకలితో ఉందేమోనని ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక చిటికెడు మేత వేస్తారు. గోదావరి జిల్లాల రొయ్యల రైతును అడగండి. ఆయన చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసుకొని తరువాతి మేత కొలుస్తాడు. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత చాలు.

3. మురికి పట్టిందని ఫిల్టరును కుళాయి నీటితో తెల్లగా తోముతాం. ఆ నీటిలోని క్లోరిన్ మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది. తొట్టెలోంచి తీసిన ఉప్పునీటిలోనే మెల్లగా జాడించాలి.

4. నీటిమట్టం తగ్గిందని ఉప్పునీరు పోస్తాం. ఆవిరైపోయేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది. కనుక తగ్గిన మేరకు క్లోరిన్ లేని మంచినీరే పోయాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లవణాలలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడ ఉన్నవి గనుక వంటింటి ఉప్పు పనికిరాదు.

5. చేప నీరసించగానే మందు వేస్తాం. రాగి కలిసిన మందు కొన్ని చేప రోగాలను తగ్గించినా, అదే తొట్టెలోని రొయ్యలను, నత్తలను చంపుతుంది.

6. అందం కోసం పగడపు రాయి తెచ్చిపెడదామనుకుంటాం. మన దేశంలో పగడాలకు, సముద్రపు గుర్రాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రం నుండి తీయడం నేరం.

ముందు నీరు, తరువాత చేప

ఉద్దేశ్యం మంచిదైనంత మాత్రాన చేసిన పని మంచిదైపోదు. ఆ పని ఎవరి మేలు కోరి చేస్తున్నామో, వారి స్వభావం తెలిసి ఉండాలి. ఈ తెలివినే పెద్దలు వివేకం అన్నారు. చేప కోరేది మన ఆప్యాయతను కాదు, తాను బ్రతకగల నీటిని.

కాబట్టి ఉప్పునీరు సిద్ధంచేసి, ఫిల్టరు నడుపుతూ, చేప లేకుండానే ఒక చిన్న పచ్చి రొయ్య ముక్క వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుట్టిస్తుంది, దాన్ని తిని బాక్టీరియా పెరుగుతుంది. పరీక్షించే కిట్టుతో రెండు మూడు రోజులకొకసారి నీటిని చూసి, పిల్లలచేత ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. మొదట అమ్మోనియా, తరువాత నైట్రైట్ పెరిగి, రెండూ సున్నాకు దిగాలి. అప్పుడు నీటిలో కొంత మార్చి ఒకే ఒక్క చేపను వేయండి. రెండవదానికి మళ్లీ కొన్ని వారాలు ఆగండి.

ఒకవేళ చేప చనిపోతే, బిడ్డ ఏడుపు ఆపడానికి ఆ సాయంత్రమే మరొకటి కొని తేకండి. అదే నీటిలో అది కూడ చనిపోతుంది. ప్రాణం పోయినా మారుదొరుకుతుందిలే అన్న తప్పుడు పాఠం మాత్రం బిడ్డ మనసులో ఉండిపోతుంది. ఆ చేపను బయటకు తీసి, బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, నీటిని పరీక్షించి, కారణం కలిసి వెదకండి.

కుటుంబంలో చర్చించుకొనుటకు:
1. మన ఇంట్లో ఎవరి మేలు కోసమైనా వారి అవసరం తెలుసుకోకుండా చేసిన పని ఏదైనా ఉందా?
2. ఆరు వారాలు ఖాళీ తొట్టెను చూస్తూ ఆగడానికి మన పిల్లలను ఎలా సిద్ధంచేద్దాం?