బుడగకు వెండి మెరుపు ఎందుకు?

తిరునాళ్లలో కొన్న గ్యాసు బుడగ మూతిని ఎంత బిగించి కట్టినా, తెల్లవారేసరికి అది వడలి నేలకు దిగుతుంది. దాని పక్కనే వెండిలా మెరిసే బుడగను వదిలితే, అది చాలా రోజులు పైకప్పును అంటుకునే ఉంటుంది. రెంటిలోనూ ఉన్నది హీలియం వాయువే అనుకుందాం. మరి తేడా ఎక్కడ?

రబ్బరు బుడగకు చిల్లులేవీ లేవు. అయినా దానిలోంచి వాయువు తప్పించుకుంటుందని 1830 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మిచెల్ అనే వైద్యుడు గమనించాడు. ఎలా పోతుందో 1866లో థామస్ గ్రాహం అనే శాస్త్రవేత్త వివరించాడు. నీటిలో పంచదార కరిగినట్లు, వాయువు అణువులు మొదట రబ్బరులో కరుగుతాయి. తరువాత మెల్లగా జరుగుతూ అవతలి వైపు బయటపడతాయి.

ప్లాస్టిక్కులోనూ ఇదే జరుగుతుంది. ప్లాస్టిక్కు అంటే పొడవైన గొలుసుల వంటి అణువుల చిక్కుముడి. ఆ గొలుసులు కదులుతూనే ఉంటాయి. జనసమ్మర్దంలో సందు దొరికినప్పుడల్లా మనం ముందుకు జరిగినట్లే, వాయువు అణువులు గొలుసుల మధ్య నుండి సాగిపోతాయి.

లోహంలో పరమాణువులు ఒత్తుగా, వరుసగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య వాయువుకు దారి దొరకదు. అందుకే ప్లాస్టిక్కు పొరకు అల్యూమినియం పూత వేస్తారు. గాలి తీసివేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరయ్యేదాకా వేడిచేస్తారు. పైన సాగిపోతున్న చల్లని ప్లాస్టిక్కు పొర మీద ఆ ఆవిరి పేరుకుంటుంది.

ఈ పూత ఎంత పలుచనో తెలుసా? ప్లాస్టిక్కు పొర మందం 12 మైక్రోమీటర్లయితే, పూత మందం సుమారు 40 నానోమీటర్లు. అంటే పొరలో 300వ వంతు! అయినా పాలియెస్టరు పొర గుండా వెళ్లే ఆక్సిజన్‌ను అది దాదాపు 100వ వంతుకు తగ్గించగలదు. చిప్సు పొట్లం లోపలి మెరుపు ఇదే. ఆక్సిజన్ లోపలికి చేరితే, చిప్సులోని నూనె చెడి పాతనూనె వాసన వస్తుంది.

అయితే పూతను ఇంకా మందంగా వేస్తే వాయువు పూర్తిగా ఆగిపోతుందా? ఆగదు. దుమ్ము రేణువులు పడిన చోట పూతలో సూక్ష్మమైన రంధ్రాలు మిగులుతాయి. మడత పడిన చోట పగుళ్లు వస్తాయి. మిగిలిన వాయువు పోయేది ముఖ్యంగా ఆ దారులలోనే. కనుక మందం కంటే శుభ్రత ముఖ్యం.

మరొక చిక్కు కూడా ఉంది. అతికిన ప్లాస్టిక్కునూ లోహాన్నీ మళ్లీ విడదీయడం కష్టం. తిండిని కాపాడిన పొట్లమే చెత్తకుప్పలో భారమవుతుంది. తేలికగా విడదీయగల పొరను తయారుచేయడం రేపటి శాస్త్రజ్ఞుల ముందున్న పని.

చేసి చూడండి: బహుమతులకు చుట్టే మెరుపు ప్లాస్టిక్కు కాగితాన్ని బాగా నలిపి, విప్పి, దీపానికి ఎదురుగా పట్టండి (సూర్యుని వైపు మాత్రం వద్దు). మడతల వెంట వెలుతురు గీతలు కనిపిస్తే, అవే వాయువుకు దారులు.