చలికాలపు అతిథులు

ఉత్తర అమెరికా ఖండమున శీతకాలము మిక్కిలి కఠినమైనది. సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగమునను, కెనడా దేశమునను అనేక ప్రదేశములలో నేల నెలల తరబడి మంచుతో కప్పబడియుండును. చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచును. పురుగులు కానరావు. గడ్డిగింజలు మంచు క్రింద మరుగుపడును. అట్టి కాలమున పెక్కు పక్షులు దక్షిణ దిక్కునకు వలసపోవును. కొన్ని మాత్రము ఆ చలిలోనే నిలిచి బ్రతుకును.

అట్టివానిలో చికడీ యను పిట్ట యొకటి. నల్లని టోపి ధరించినట్లుండు తలయు, తెల్లని చెక్కిళ్ళును దాని గురుతులు. దాని తూకము సుమారు 11 గ్రాములు. ఇంత చిన్న దేహమున వేడిని నిలుపుకొనుట సులభము కాదు. పగలు తిన్న మేత క్రొవ్వుగా మారి, రాత్రివేళ కరగి, దేహమునకు వేడినిచ్చును. ఆ క్రొవ్వును పొదుపు చేయుటకై చికడీ రాత్రులందు తన శరీరోష్ణమును సుమారు 10 డిగ్రీలు తగ్గించుకొనును. అయినను తెల్లవారునప్పటికి నిలువ చాలవరకు తరిగిపోవును. మరునాడు మేత దొరకనిచో దాని ప్రాణమునకే ముప్పు.

ఈ సంగతి నెరిగిన గృహస్థులు పెరటిలో మేతపెట్టెలను వ్రేలాడదీసి, వానిలో పొద్దుతిరుగుడు గింజలను, వేరుసెనగ పప్పును, పశువుల క్రొవ్వును ఉంచుదురు. చికడీలతోపాటు ఎఱ్ఱని కార్డినల్ పక్షులును, నీలి రంగు జే పక్షులును, వడ్రంగి పిట్టలును అచ్చటికి వచ్చును.

ఇట్లు పెట్టిన మేత నిజముగ పక్షులకు ఉపకరించునా? విస్కాన్సిన్ రాష్ట్రమున బ్రిటింగ్‌హామ్, టెంపుల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పరిశీలించి 1988లో ఫలితములను ప్రకటించిరి. మేత దొరికిన చికడీలలో నూటికి 69 శీతకాలమును దాటి బ్రతికినవి. దొరకనివానిలో నూటికి 37 మాత్రమే మిగిలినవి. చలి మిక్కిలి తీవ్రమైన దినములలోనే ఈ భేదము ముఖ్యముగ కనబడెను. మేతకు అలవాటుపడిన పిట్టలు సోమరులగునని కొందరు శంకించిరి. కాని మేతపెట్టెలను తీసివేసిన తోపులలోని చికడీలు కూడ ఇతర చికడీలవలెనే అడవి మేతతో జీవించినట్లు వారే 1992లో తెలిపిరి.

అయితే పక్షులకని పెట్టిన మేత పక్షులకు మాత్రమే చేరునని యెంచరాదు. ఆకలి గల ప్రాణి ఏదియైనను అచ్చటికి వచ్చును. బూడిదరంగు ఉడుత కొమ్మనుండి దుమికి గింజలను దోచుకొనును. దాని నాపుటకు మేతపెట్టె నిలిపిన కంబమునకు రేకుగొడుగు నమర్చుదురు. రాత్రివేళ రాకూన్ అను జంతువు ముందరి కాళ్ళతో పెట్టె మూతను తెరచును. రాలిన గింజలకు ఎలుకలు చేరును. ఎలుకలకై గుడ్లగూబయు, నక్కయు వచ్చును. గుంపుగూడిన పిట్టలపై డేగ విరుచుకొనిపడును. దానిని చూచి గృహస్థు దుఃఖించుట సహజము. కాని ఆ డేగకును చలికాలము చలికాలమే. కొన్ని దినములు మేతపెట్టెను తీసివేసినచో పిట్టలు చెదరిపోవును. డేగయు వేరొక చోటికి పోవును.

కొందరు అతిథులకు మేత మేలు కంటె కీడే ఎక్కువ చేయును. శీతకాలమున జింకల కడుపు కొమ్మలను, మొగ్గలను అరగించుకొనుటకు అలవాటుపడియుండును. అట్టి సమయమున ఒక్కసారిగ మొక్కజొన్న తినిన జింక కడుపులో పులుపు హెచ్చి, కడుపు నిండియుండగనే మరణింపవచ్చును. ఎలుగుబంటి చలికాలమంతయు గుహలో నిద్రించి, వసంతమున ఆకలితో బయటికి వచ్చును. ఇండ్లవద్ద గింజల రుచి మరిగినచో అది మనుష్యుల యెడ భయమును విడుచును. అట్టి ఎలుగుబంటిని తుదకు చంపవలసివచ్చిన సందర్భములును కలవు. అందువలన న్యూయార్కు వంటి రాష్ట్రములలో వన్యప్రాణి శాఖవారు చలికాలము ముగియగనే మేతపెట్టెలను తీసివేయుడని ప్రజలను కోరుదురు.

ఇంతకంటె సూక్ష్మమైన అతిథి వ్యాధి. 1994లో వాషింగ్టన్ నగర ప్రాంతమున హౌస్ ఫించ్ అను పిట్టలకు కండ్లు వాచి చూపు పోవుట కనుగొనిరి. దానికి కారణము ఒక సూక్ష్మజీవి. రోగపు పిట్ట ముక్కు తగిలిన పెట్టెలో వేరొక పిట్ట మేయగ ఆ రోగము వ్యాపించెను. కావున రెండు వారముల కొకసారియైనను పెట్టెలను కడిగి ఆరబెట్టవలెను. తడిసి బూజుపట్టిన గింజలను పారవేయవలెను. రోగపు పిట్ట కనబడినచో మేత పెట్టుట కొంతకాలము మానవలెను.

తెలుగు పల్లెలలో వరికంకులను కుచ్చుగ అల్లి, పిచ్చుకలకై ఇంటి చూరున వ్రేలాడదీయు ఆచారము కలదు. మంచు దేశపు మేతపెట్టెయు, ఈ వరి కుచ్చును ఒకే దయనుండి పుట్టినవి. కాని దయకు వివేకము తోడు కావలెను. ఎవరికి, ఎప్పుడు, ఎట్లు పెట్టవలెనో ఎరిగి పెట్టిన పిడికెడు గింజలు ప్రాణమును నిలుపును. ఎరుగక పెట్టినవి ప్రాణమును తీయవచ్చును. పిట్టకు మేత వేయువాడు ఆ మేతకు వచ్చు ప్రాణులన్నింటి క్షేమమునకును బాధ్యుడు.