చిన్నపిల్లలకు నిగ్రహము అలవరచుట

మూడేండ్ల బాలుడు తోటివాని చేతిలోని బొమ్మను లాగుకొనును, ఇవ్వకున్న కొట్టును. పెద్దలు దీనిని మొండితనమందురు. రెండు దెబ్బలు వేసిన కుదురుకొనునని తలతురు. ఇది సరికాదు. కోరికను ఆపుకొను శక్తి ఆ వయస్సున ఇంకను కుదురుకొనదు. నడక వలె, మాట వలె, నిగ్రహము కూడ క్రమముగా అలవడవలసినదే. ఇంటిలో తల్లిదండ్రులును, అంగన్‌వాడీలోను బాలబడిలోను ఉపాధ్యాయినులును దీనికి తోడ్పడవలెను.

మెదడు పెరుగుదల

నుదుటి వెనుకనున్న మెదడు భాగము మన చేష్టలను అదుపులో నుంచును. ఇది మిక్కిలి ఆలస్యముగా పరిణతి చెందును. 20 ఏండ్లు దాటిన పిదప గాని ఆ పెరుగుదల పూర్తికాదు. అయినను 3 మొదలు 6 ఏండ్ల వరకు దీని సామర్థ్యము వేగముగా వృద్ధిపొందును. విన్న మాటను మనస్సున నిలుపుకొనుట, తోచినదే తడవుగా చేయక ఆగుట, ఒక పద్ధతి కుదరనిచో వేరొకటి ప్రయత్నించుట అను మూడు శక్తులు దీనివలన కలుగును. చదువునకును, స్నేహమునకును ఇవియే ఆధారములు.

దండన వలన ప్రయోజనము లేదు

దెబ్బకు జడిసిన పిల్లవాడు అప్పటికి ఊరకుండును. కాని ఏమి చేయవలెనో నేర్చుకొనడు. కొట్టువారు లేనిచోట మరల అదే చేయును. 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజూభాయి బధేకా దండనను విడనాడి ఆటలతో, కథలతో బోధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలలలో శారీరక దండనను నిషేధించినది.

ఉపాధ్యాయిని చేయదగిన పనులు

1. ముందుగా తాను శాంతముగా నుండవలెను. పిల్లవాని ప్రక్కన కూర్చుండి, "బండి ఇవ్వలేదని కోపం వచ్చిందా నాయనా? కొడితే వాడికి నొప్పి పుడుతుంది. కావాలంటే ఏమని అడగాలి?" అని పలుకవలెను. ఇట్టి మాటలనే పిల్లలు మొదట పైకి అనుకొని, పిదప మనస్సులో తలచుకొని తమ నడతను దిద్దుకొందురని సోవియట్ మనశ్శాస్త్రవేత్త వైగోట్‌స్కీ (1896–1934) వివరించెను. కావున పని చేయుచు తనలో తాను మాటలాడుకొను బిడ్డను వారింపరాదు.

2. ఆలోచింపజేయు ప్రశ్న వేసి వేచియుండవలెను. "ఆకు తేలింది, రాయి మునిగింది, ఎందుకు?" అని అడిగి, జవాబు తానే చెప్పరాదు. ఉపాధ్యాయులు సుమారు ఒక సెకను మాత్రమే ఆగుదురనియు, 3 సెకనులు ఆగినచో పిల్లల సమాధానములు దీర్ఘముగను సహేతుకముగను ఉండుననియు అమెరికాకు చెందిన మేరీ బడ్ రో 1970వ దశకమున తెలిపెను.

3. ఆటలాడింపవలెను. "కాకి ఎగిరె", "చిలుక ఎగిరె" అన్నపుడు పిల్లలు చేతులెత్తవలెను. "గేదె ఎగిరె" అన్నపుడు ఎత్తరాదు. లేవబోయిన చేయి ఆగిన క్షణమే నిగ్రహాభ్యాసము. ఆట బాగుగ వచ్చిన పిదప, ఎగురలేని వాటికే చేతులెత్తుడని నియమమును మార్చవలెను. తప్పినవారిని ఆటనుండి తొలగింపరాదు. అభ్యాసము ఎక్కువగా కావలసినది వారికే.

4. ఆట, కథ, చేతులు కడుగుకొనుట, భోజనము ప్రతిదినము ఒకే క్రమమున జరుగవలెను. "తరువాత నీ వంతు" అని చెప్పినచో ఆ వంతు తప్పక రావలెను. మాట నిలుచునని నమ్మిన బిడ్డయే ఓర్పుతో వేచియుండును.

వైద్యుని సలహా

చెప్పిన మాట విననట్లు కనిపించు బిడ్డకు వినికిడి లోపముండవచ్చును. నిద్ర చాలకున్నను, రక్తహీనత యున్నను చికాకు, అశ్రద్ధ కలుగవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీ పిల్లలను సంవత్సరమునకు రెండుమార్లు పరీక్షింతురు. తల్లిదండ్రులు ఈ అవకాశమును వినియోగించుకొనవలెను. పరీక్ష చేయింపక బిడ్డకు అల్లరివాడను పేరు పెట్టరాదు; ఆ పేరు బడిలో అతనిని చాలకాలము వెంటాడును.