వక్కాకు తట్ట మనమే చేద్దాం



మన ఇండ్లలో వక్కాకు లేని శుభకార్యం ఉందా? లేదు. పెండ్లికి పిలవాలంటే వక్కాకు. పేరంటానికి వచ్చిన వాళ్ళకు వక్కాకు. పిల్లను ఖాయం చేసుకుంటే తాంబూలాలు మార్చుకుంటాం. దేవుడి ముందర కూడా ఆకు, వక్క, పండు పెడతాం.

మరి ఆ వక్కాకును దేంట్లో పెడుతున్నాం? ఆకులు ఒక సంచిలో ఉంటాయి. వక్కలు ఇంకో డబ్బాలో ఉంటాయి. పసుపు కుంకుమ గూట్లో ఉంటాయి. చుట్టాలు వచ్చి కూర్చున్నాక అన్నీ వెతుక్కుంటాం.

అన్నిటికీ తలా ఒక గది ఉండే చెక్క తట్ట ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది! బయటి దేశాల్లో పైపుతో పొగ తాగేవాళ్ళు కూడా ఇట్లాంటి తట్టలు చేసుకుంటారు. పైపులు, పొగాకు డబ్బీ, పైపును శుభ్రం చేసే పుల్లలు అందులో పెట్టుకుంటారు. లోపల పెట్టేది వేరు. తట్ట చేసే పద్ధతి మాత్రం ఒకటే.

"చెక్కపని మగవాళ్ళది కదా?" అని మీరు అనవచ్చు. నెల్లూరు జిల్లా ఉదయగిరిని చూడండి. అక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు. ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ చెంచాలు దూరదూరాలకు పోతాయి. మన తిరుపతి జిల్లాలోనే ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరు ఉంది. చెక్కలో దేవుళ్ళ బొమ్మలు చెక్కడానికి ఆ ఊరు పేరు పొందింది.

బొమ్మ చెక్కాలంటే ఏండ్ల తరబడి నేర్చుకోవాలి. తట్ట చేయాలంటే అంత కష్టం లేదు. కొలత తప్పకుండా ఉంటే చాలు. కొలత తప్పకుండా ఉండాలంటే దాన్ని రాసుకోవాలి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. కాబట్టి మొదలుపెడదాం.

ఏ చెక్క మంచిది?

వేప, పనస, మామిడి, టేకు. ఈ నాలుగూ మన పక్క దొరికేవే.

వేప చెక్క గట్టిగా ఉంటుంది. చేదు ఉంటుంది కాబట్టి పురుగు తొందరగా పట్టదు. పనస చెక్క పచ్చగా, చూడ్డానికి బాగుంటుంది. మామిడి చెక్క చవక, కోయడం సులువు. కానీ తడి తగిలితే చెడిపోతుంది, పురుగు పడుతుంది. టేకు అన్నిటికన్నా మేలు, ధర మాత్రం ఎక్కువ.

చెక్క ఏదైనా బాగా ఆరి ఉండాలి. పచ్చి చెక్కతో చేస్తే తట్ట ఆరే కొద్దీ ముడుచుకుంటుంది. అతుకులు విడిపోతాయి. చెక్క పగులుతుంది.

కొత్తగా చెట్టు కొట్టవద్దు. మన పొలంలో చెట్టు అయినా సరే, కొట్టాలంటే అనుమతి కావాల్సి ఉంటుంది. దీనికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. సామిల్లులో, వడ్రంగి కొట్టంలో తలుపులు, కిటికీలు చేయగా మిగిలిన ముక్కలు ఉంటాయి. మన తట్టకు అవే చాలు.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు ఇట్లా మాట్లాడుకున్నారు.

"అత్తా, ఎవురో ఒకాయన వచ్చినాడు. ఎర్రచందనం ముక్కలు ఉండాయంట. చవగ్గా ఇస్తాడంట. తట్ట ఎర్రగా మెరస్తాదంట."

"వద్దుమే! చవగ్గా వచ్చేది చవగ్గా పోదు. ఇంట్లో ఆ ముక్క దొరికితే మన మీదనే కేసు పెడతారు."

"చిన్న ముక్కే కదత్తా?"

"చిన్నదైనా దొంగ సొమ్ము దొంగ సొమ్మేమ్మే. వేపచెక్క తెచ్చుకుందాం పో."

అత్త మాట నిజం. ఎర్రచందనం ప్రపంచంలో ఎక్కడపడితే అక్కడ పెరిగే చెట్టు కాదు. ముఖ్యంగా మన దక్షిణ ఆంధ్ర కొండల్లోనే పెరుగుతుంది. అందుకే 1995లో దాన్ని ప్రపంచ దేశాల ఒప్పందం కింద కాపాడవలసిన చెట్ల జాబితాలో చేర్చారు. అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టడం, అమ్మడం, దాచడం నేరం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. ఆ చెట్టు మీద కోట్లు సంపాదించేవాళ్ళు వేరే ఉంటారు. ప్రాణం పోయేది, జైలుకు పోయేది కూలివాళ్ళు. ఆ ముక్క మన గడప దాటి లోపలికి రాకూడదు.

ఏమేమి కావాలి?

పనిముట్లు: టేపు, పెన్సిలు, మూలమట్టం, చిన్న రంపం, సుత్తి.

సామాన్లు:
రెండు అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం ఉన్న చెక్క పట్టీ, మూడున్నర అడుగులు.
ఒకటిన్నర అంగుళం వెడల్పు, అర అంగుళం మందం ఉన్న పట్టీ, 15 అంగుళాలు.
అడుగుకు పలుచని ప్లైవుడ్ ముక్క, 12 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు.
అంగుళం మేకులు, ముప్పావు అంగుళం మేకులు, చెక్క అతికించే తెల్ల బంక, ఉప్పుకాగితం.

ఈ కొలతలు ఒక చీటీలో రాసుకోండి. చీటీ తీసుకుని సామిల్లుకు పోండి. "ఒక తట్టకు సరిపడా ఇయ్యన్నా" అని అడిగితే ఆయన ఇచ్చిందే తీసుకోవాలి. చీటీ చూపించి అడిగితే మీరు కోరింది వస్తుంది. అక్కడే టేపు పెట్టి కొలిచి తీసుకోండి.

కొలతలు

మన తట్ట పొడవు 12 అంగుళాలు. వెడల్పు 8 అంగుళాలు. ఎత్తు 2 అంగుళాలు.

పొడుగు పక్కలు రెండు: ఒక్కొక్కటి 12 అంగుళాలు.
పొట్టి పక్కలు రెండు: ఒక్కొక్కటి 7 అంగుళాలు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వెడల్పు 8 అంగుళాలు అన్నాం. పొట్టి పక్క 7 అంగుళాలే ఎందుకు? పొట్టి పక్కలు పొడుగు పక్కల మధ్యలో కూర్చుంటాయి. పొడుగు పక్క మందం అర అంగుళం. అటు అర, ఇటు అర, కలిపితే ఒక అంగుళం. 8లో 1 తీసేస్తే 7. చాలామంది ఇక్కడే తప్పుతారు. చెక్క కోసినాక అతకడం కష్టం. కాగితం మీద రాసిన అంకెను దిద్దుకోవడం సులువు.

అడ్డగోడలు రెండు: ఒకటి 7 అంగుళాలు, ఇంకొకటి నాలుగున్నర అంగుళాలు. వీటిని సన్న పట్టీలో కోయాలి.

చేసే పద్ధతి

ఒకటి. కొలిచిన చోట పెన్సిలుతో గీత గీయండి. మూలమట్టం పెట్టి గీస్తే గీత వంకర పోదు. కోసే ముందు ఇంకోసారి కొలవండి. రెండుసార్లు కొలిస్తే ఒకసారి కోస్తే చాలు.

రెండు. రంపంతో గీతకు బయటి పక్కన కోయండి. రంపం కోతకు కొంత చెక్క పొడిగా పోతుంది. గీత మీదనే కోస్తే ముక్క పొట్టి అవుతుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. పిల్లలను దగ్గరికి రానీయవద్దు.

మూడు. ముక్కలను ఉప్పుకాగితంతో రుద్దండి. కాగితం వెనకాల అంకె ఉంటుంది, చదవండి. 80 అంటే గరుకు కాగితం. 120 అంటే నడిమిది. 220 అంటే నున్ననిది. అంకె పెరిగే కొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. 80తో మొదలుపెట్టి 220తో ముగించండి. చెక్క గీరలు ఎటు పోతున్నాయో అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి.

నాలుగు. చివరలకు బంక పూసి నాలుగు పక్కలూ కలపండి. అంగుళం మేకులు కొట్టండి. మేకు కొనను ముందుగా సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చేయండి. మొద్దు కొన అయితే చెక్క పగలడం తగ్గుతుంది.

ఐదు. ఇప్పుడు తట్ట సరిగ్గా ఉందో వంకరగా ఉందో చూడాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం పట్టి కొలవండి. మిగిలిన రెండు మూలలకూ అట్లాగే పట్టండి. రెండు కొలతలూ ఒకటే అయితే తట్ట సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే, పొడుగ్గా ఉన్న మూలలను పట్టి మెల్లిగా లోపలికి నొక్కండి. బంక ఆరకముందే ఈ పని చేయాలి.

ఆరు. లోపల ఒక పక్క నుంచి 6 అంగుళాలు కొలిచి 7 అంగుళాల అడ్డగోడ పెట్టండి. అడ్డగోడ అడుగు అంచు, పక్కల అడుగు అంచు సమానంగా ఉండాలి. బంక పూసి బయటి నుంచి మేకు కొట్టండి. పెద్ద గది తయారు. మిగిలిన చోట మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ పెట్టండి. మూడుంబావు అంగుళాల వెడల్పున రెండు చిన్న గదులు వస్తాయి.

ఏడు. తట్టను బోర్లించి అడుగుకు బంక పూసి ప్లైవుడ్ ముక్క పెట్టండి. ముప్పావు అంగుళం మేకులు కొట్టండి. రాత్రంతా ఆరనీయండి.

ఎనిమిది. అంచులు, మూలలు మళ్ళీ నున్నగా రుద్ది తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మెరుపు కావాలంటే అవిసె నూనె పలుచగా పూసి, అరగంట తర్వాత పొడి గుడ్డతో తుడవండి. బాగా ఆరినాకనే వాడండి. వేరుసెనగ నూనె పూయవద్దు. అది జిగటగా మారి వాసన వస్తుంది. రంగుల అంగట్లో అమ్మే కాచిన అవిసె నూనెలో మందులు కలుపుతారు. తినే వస్తువులు పెట్టే తట్టకు అది వద్దు. ఇంకో మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

ఏ గదిలో ఏమి పెడదాం?

పెద్ద గదిలో ఆకులు, పండ్లు, పూలు. ఒక చిన్న గదిలో వక్కలు. ఇంకో చిన్న గదిలో పసుపు కుంకుమ భరిణెలు.

"పొగాకుకు గది ఏదిమే? నాకు దవడన కాస్త పెట్టుకోకపోతే పొద్దు పోదు" అంది అత్త.

"దానికి మాత్రం గది కట్టనత్తా. నిన్ను పోగొట్టుకోను" అంది కోడలు.

కోడలు మాట కటువుగా ఉన్నా అందులో ప్రేమ ఉంది. పొగాకు నమిలితే నోటి క్యాన్సర్ వస్తుంది. చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. పొగాకు లేకుండా వక్కాకు నమిలినా క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి చెప్పింది. వక్కలోనే ఆ కీడు ఉంది. రోజూ నమిలే వాళ్ళకు నోరు బిగుసుకుపోయి, తెరుచుకోకుండా పోవచ్చు.

కాబట్టి తాంబూలం ఇవ్వడం మన మర్యాద. ఇద్దాం, పుచ్చుకుందాం. రోజూ నమిలే అలవాటు మాత్రం మానుకుందాం. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోయినా, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కనిపించినా, కారం తింటే మంట పుట్టినా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. తొందరగా చూపిస్తే నయం చేయడం సులువు.

తట్ట ధర ఎంత?

తట్ట బాగుంటే పక్కింటివాళ్ళు అడుగుతారు. అంగడివాళ్ళు అడుగుతారు. ధర చెప్పే ముందు లెక్క రాయండి. కింద ఉన్నవి మనం అనుకున్న అంకెలు. మీరు మీ ఊరి ధరలు వేసుకోండి.

చెక్క పట్టీలు: 80 రూపాయలు
ప్లైవుడ్ ముక్క: 50 రూపాయలు
మేకులు, బంక: 15 రూపాయలు
ఉప్పుకాగితం: 10 రూపాయలు
నూనె: 15 రూపాయలు
పనిముట్ల అరుగుదల: 10 రూపాయలు
మొత్తం: 180 రూపాయలు

ఇంతటితో లెక్క అయిపోయిందా? అయిపోలేదు. మీ కూలి ఏది? ఆడవాళ్ళం ఇంట్లో కూర్చుని చేసిన పనికి కూలి కట్టడం మరిచిపోతాం. రోజుకు 8 గంటల పనికి 400 రూపాయలు కూలి అనుకుందాం. అంటే గంటకు 50. తట్టకు 4 గంటలు పట్టింది. 4 యాభైలు 200.

180, 200 కలిపితే 380 రూపాయలు. ఇది తట్ట అసలు ధర.

ఒక వ్యాపారి వచ్చి "250 ఇస్తానమ్మా, నీకు 70 లాభం కదా" అంటాడు. అది లాభం కాదు. నాలుగు గంటల కష్టానికి 70 రూపాయలు. అంటే గంటకు 18 రూపాయలు కూడా రాలేదు. లెక్క రాసి పెట్టుకున్న మనిషి ఆ మాటకు తల ఊపదు. "అన్నా, ఈ కాగితం చూడు. నా ఖర్చు ఇది, నా కూలి ఇది" అని చూపిస్తుంది. బేరం అప్పుడు మొదలవుతుంది.

ఆలోచించండి, రాయండి

1. తట్ట వెడల్పు 10 అంగుళాలు కావాలంటే పొట్టి పక్క ఎన్ని అంగుళాలు కోయాలి?
2. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో ఎట్లా కనుక్కుంటారు?
3. ఎర్రచందనం ముక్క చవగ్గా ఇస్తామంటే మీరేమి చెబుతారు?
4. మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంట్లో చేసి అమ్మే వస్తువు ఒకదాని పేరు రాయండి. సామాను ఖర్చు ఎంత? కూలి ఎంత? ఇప్పుడు అమ్ముతున్న ధర ఎంత? మూడూ పక్కపక్కన రాసి చూడండి. సంఘంలో అందరికీ చదివి వినిపించండి.