పాఠపరిష్కరణమున బహుపత్ర విండోల నిర్వహణము

ప్రాచీనకావ్యమును పరిష్కరించువాని ప్రథమధర్మము సాక్షిప్రతులను సాంకర్యము లేకుండ కాపాడుట. తాళపత్రప్రతి పాఠము తాళపత్రప్రతిదిగను, ముద్రితప్రతి పాఠము ముద్రితప్రతిదిగను నిలిచినపుడే పాఠనిర్ణయమునకు ఆధారముండును. పూర్వలేఖకులు రెండు మాతృకలను ముందుంచుకొని ఒకదాని పాఠమును మఱియొకదానిలో చేర్చుటచే ఏర్పడిన మిశ్రప్రతులు ఎంతటి చిక్కులు కలిగించునో ఈ రంగమున పనిచేయువారెల్లరు ఎఱిగినదే. ప్రతులను కంప్యూటరులోని కెక్కించి, వర్డ్ ప్రాసెసరులో అనేక పత్రములను ఒక్కమాఱు తెఱచి పోల్చునపుడు ఆ ప్రమాదమే క్రొత్తరూపమున ఎదురగును. కనుక విండోల నిర్వహణము కేవలము యంత్రవిషయము కాదు. పాఠపరిష్కరణశాస్త్రమునకు చెందిన విషయము. విశేషప్రచారము గల మైక్రోసాఫ్ట్ వర్డ్‌ను ఉదాహరణముగా గైకొని ఈ విషయము ఇచట వివరింపబడుచున్నది.

1. విండో, పత్రము – భేదము

విండో తెరపై పత్రమును చూపు చట్రము మాత్రమే. పత్రము డిస్కుపై నిలుచు ఫైలు. ఈ రెండింటికి గల భేదమును గుర్తింపకుండుట పెక్కు పొరపాటులకు మూలము. ‘వ్యూ’ పట్టీలోని ‘న్యూ విండో’ను నొక్కినచో అంతకుముందు తెఱచియున్న పత్రమే రెండవ విండోలో కూడ కనబడును. ఒక గదికి రెండు గవాక్షములున్నంత మాత్రమున గదులు రెండు కావు. ఒక విండోలో దిద్దినది రెండవదానిలోను దిద్దబడును. పీఠిక నొకచోట, ఆ పీఠికలో చర్చించిన పద్యము నొకచోట ఏకకాలమున చూచుటకు ఈ సౌకర్యము మిక్కిలి ఉపకరించును. కాని రెండవ విండోను నకలని భ్రమించి అందు సవరణలు చేసినచో మూలమే మాఱును. నకలు కావలసినవారు మార్పులకు పూర్వమే ‘సేవ్ యాజ్’ ద్వారా వేఱుపేరుతో పత్రమును భద్రపఱచుకొనవలెను.

వర్డ్ 97 వఱకు పత్రముల విండోలన్నియు ఒకే పెద్దవిండోలో ఇమిడియుండెడివి. 1999లో వెలువడిన వర్డ్ 2000 నుండి ప్రతిపత్రమునకు టాస్క్‌బారుపై వేఱు స్థానము ఏర్పడినది. దీనివలన స్వేచ్ఛ పెరిగినది. పత్రములు ఇతర ప్రోగ్రాముల విండోల నడుమ చెదరుటయు పెరిగినది. ఆల్ట్, టాబ్ మీటలను కలిపి నొక్కినచో అన్ని ప్రోగ్రాముల విండోలు వరుసకు వచ్చును. కంట్రోల్, ఎఫ్6 మీటలు వర్డ్ పత్రములను మాత్రమే ఒకదాని వెంట నొకటిగా ముందునకు తెచ్చును. పాఠములు పోల్చువారికి రెండవ పద్ధతియే మేలు.

2. సమీకరణకు అనువగు అమరిక

పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థవారు 1919లో ఆరంభించి 1966లో పూర్తిచేసిన మహాభారత సంశోధితముద్రణమునకై గళ్లు గల సమీకరణపత్రములను వాడిరి. పైవరుసలో శ్లోకమును అక్షరాక్షరముగా వ్రాసి, ఒక్కొక్క ప్రతిలోని భేదమును దాని వరుసలో, ఆ యక్షరమునకు సరియగు గడిలో నమోదు చేసిరి. పాఠములు ఒకదాని క్రింద నొకటి నిలిచినపుడు భేదము తనంత తానే కంటికి తగులునన్నది ఆ పద్ధతిలోని మర్మము.

‘అరేంజ్ ఆల్’ ఆదేశము తెఱచియున్న పత్రములను ఒకదాని క్రింద నొకటిగా పేర్చును గనుక ఈ పద్ధతికి సన్నిహితము. యతిప్రాసస్థానములలోని భేదములను గుర్తించుట దీనివలన సులభమగును. అయితే విండోలు పెరిగిన కొలది ఒక్కొక్కదానికి దక్కు పంక్తులు తగ్గును. సీసపద్యము సాంతముగా కనబడదు. అట్టి యెడల ‘వ్యూ సైడ్ బై సైడ్’ను ఆశ్రయింపవచ్చును. ఇది రెండు పత్రములను ప్రక్కప్రక్కన నిలుపును. ‘సింక్రనస్ స్క్రోలింగ్’ వలన రెండును కలిసి కదలును. ఇచట ఒక జాగరూకత అవసరము. యంత్రము కదలిన మేరనే ఎఱుగును గాని పద్యసంఖ్య నెఱుగదు. ఒక ప్రతిలో పద్యము లోపించినను, మఱియొకదానిలో టీక చేరియున్నను అచటినుండి వరుస తప్పును. అపుడు సహచలనమును నిలిపి, సమానపద్యములను ఎదురెదురుగా చేర్చి, పిదప దానిని మఱల ఆరంభింపవలెను.

3. సాంకర్యము కలుగు తీరులు

ఒక శతకమునకు తాళపత్రప్రతి, కాగితపు వ్రాతప్రతి, ముద్రితప్రతి అను మూడు సాక్షులున్నవనుకొందము. వీని లిప్యంతరీకరణములు మూడు ఫైళ్లు. పరిష్కర్త వ్రాయుచున్న సంశోధితపాఠము నాలుగవది. పరిష్కర్త తన పాఠమున ‘చెరువు’ అను రూపమును ‘చెఱువు’గా మార్చదలచి ‘రీప్లేస్ ఆల్’ను ప్రయోగించెననుకొందము. ఆ యాదేశము అప్పుడు చురుకుగా నున్న పత్రమునకే వర్తించును. ఆ క్షణమున తాళపత్రప్రతి విండో ముందున్నచో సంశోధితపాఠము మాఱదు, సాక్షి మాఱును. ఆ లేఖకుడు శకటరేఫమును పాటించెనా లేదా అను ప్రశ్నకు ఆధారము అంతటితో నశించును. అరసున్నల విషయమును ఇంతియే.

ఇట్టి పొరపాటును సవరించు యత్నమే రెండవ పొరపాటు కావచ్చును. వర్డ్‌లో ‘అన్‌డూ’ చరిత్ర ప్రతిపత్రమునకు వేఱు. తప్పు జరిగిన విండోను విడిచి మఱియొక విండోలో కంట్రోల్, జెడ్ నొక్కినచో మొదటి తప్పు అట్లే యుండును. రెండవ పత్రమున సరియగు పని రద్దగును. ఇట్లే, ఒక ప్రతినుండి తీసిన పాఠమును సంకేతాక్షరము లేకుండ అతికించినచో అది ఏ ప్రతిదో కొంతసేపటికి పరిష్కర్తయే చెప్పజాలడు.

4. ఆచరింపదగిన నియమములు

మొదటిది: వ్రాయదగిన విండో ఒక్కటియే ఉండవలెను. సాక్షిప్రతుల ఫైళ్లను ‘ప్రాపర్టీస్’లో ‘రీడ్ ఓన్లీ’గా గుర్తించి తెఱవవలెను. అపుడు పొరపాటున అక్షరము పడినను, వేఱుపేరు పెట్టనిదే వర్డ్ దానిని భద్రపఱుపదు.

రెండవది: ఫైలు పేరు ప్రతి సంకేతాక్షరముతోనే ఆరంభము కావలెను. ‘త’ అన తాళపత్రము, ‘క’ అన కాగితము, ‘ము’ అన ముద్రితము, ‘సం’ అన సంశోధితము. స్థలము చాలక పేరు చివర తెగిపోయినను సంకేతము కనబడుచుండును.

మూడవది: పాఠాంతరమును నమోదు చేయునపుడు గమ్యస్థానమున సంకేతాక్షరమును ముందు వ్రాసి, పిదప సాక్షివిండోకు పోయి పాఠమును గ్రహింపవలెను.

నాలుగవది: సామూహిక మార్పునకు ముందు తక్కిన పత్రములను మూసివేయవలెను.

అయిదవది: సాక్షిప్రతిని మూయునపుడు ‘మార్పులను భద్రపఱుపవలెనా’ అను ప్రశ్న వచ్చినచో దానిని హెచ్చరికగా భావించి ‘వద్ద’ని చెప్పవలెను. వన్‌డ్రైవ్‌లో నుంచిన పత్రములకు ‘ఆటోసేవ్’ అమలులో నున్నచో ఈ ప్రశ్న లేకుండనే మార్పు నిలుచును. కావున సాక్షుల మూలఫైళ్లను అచట నుంచి నేరుగా తెఱవరాదు.

5. ఉపసంహారము

తాటాకు నానాటికి శిథిలమగు వస్తువు. ఆకు విఱిగిన పిదప దాని లిప్యంతరీకరణమే సాక్షిగా మిగులును. అందు తెలియక జరిగిన మార్పు తాళపత్రముపై కొట్టివేతవలె కంటికి కనబడదు; మూలపాఠమువలెనే చెలామణి యగును. పూర్వలేఖకుని సాంకర్యమును కనుగొనుటకు ఇతరప్రతులు తోడ్పడును. ఏకైకప్రతి లిప్యంతరీకరణమున మనము కలిగించిన సాంకర్యమును కనుగొనుటకు సాధనము లేదు. కనుక ప్రాచ్యకళాశాలలలో పరిష్కరణవిధానమును బోధించునపుడు మాతృకల వర్ణనము, సంకేతాక్షరముల నిర్ణయము, పాఠాంతరముల సేకరణములతో పాటు ఈ నియమములను కూడ విద్యార్థులకు నేర్పుట అవసరము.