చాంబర్ గార్డ్ బిగించుకోవడం ఎలా?

భద్రాచలం నుంచి చింతూరు, కొంటా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే దోర్నపాల్ దాకా ఏ కారైనా వెళ్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే జగర్‌గుండా రోడ్డు, దాదాపు 56 కిలోమీటర్లు. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్ దాటాక చింతలనార్ వస్తుంది. అసలు రోడ్డుకు కాంక్రీటు పడింది. ఆ రోడ్డు దిగి లోపలి ఊళ్లకు వెళ్లే బాటల సంగతి వేరు. ఎర్రమట్టిలో సగం పూడిన రాళ్లు, నరికిన చెట్ల మోళ్లు, వాన కోసేసిన గాడులు, వాగుల దగ్గర నిటారుగా దిగే గట్లు.

ఇలాంటి బాటల్లో తిరిగే బొలెరో, క్యాంపర్, థార్ లాంటి బండ్లకు ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్‌కు దెబ్బ తగులుతుందన్నదే ముఖ్యమైన భయం. కొన్నిటికి అది పలచని ఇనప రేకు, కొన్నిటికి పోత అల్యూమినియం. రాయి తగిలితే రేకు నొక్కుకుపోతుంది, పోత పగులుతుంది. ఆయిల్ కారిపోయాక ఇంజన్ నడిస్తే నిమిషాల్లో బేరింగులు పట్టేస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా దక్షిణ భాగంలో ఉన్న ఊళ్ల నుంచి రోగుల్ని భద్రాచలం ఆసుపత్రికి తెచ్చేది ఇలాంటి బండ్లే. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఖమ్మం వైపు వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ ఆదివాసీ కుటుంబాలు సొంతూళ్లకు వెళ్లి రావాలన్నా ఇవే దిక్కు. కాబట్టి చాంబర్ గార్డ్ ఇక్కడ సోకు కోసం పెట్టుకునేది కాదు.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు మనసులో పెట్టుకోండి. ఒకటి, తగిలిన దెబ్బ చాసిస్‌కి చేరాలి, ఇంజన్‌కి చేరకూడదు. రెండు, గార్డ్‌ను ఎప్పుడంటే అప్పుడు ఊడదీయగలగాలి. ఊడదీయడం కష్టమైతే దాని వెనక ఆయిల్ కారుతున్నా ఎవరూ చూడరు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటి కోసమే.

కావలసినవి

- గట్టి అట్టలు, సుద్దముక్క, కొలత టేపు, మూలమట్టం
- ఇనప ప్లేటు లేదా అల్యూమినియం ప్లేటు
- బ్రాకెట్లకు 5 ఎంఎం మందం ఇనప పట్టీ
- 8.8 గ్రేడు ఎం10 బోల్టులు, వెడల్పు వాషర్లు, నైలాక్ నట్లు
- డ్రిల్ మిషన్, గ్రైండర్, రించీలు, వీలైతే టార్క్ రించి
- జాకీ, రెండు యాక్సిల్ స్టాండ్లు, చక్రాలకు అడ్డు చెక్కలు
- రెడ్ ఆక్సైడ్, పెయింటు, గ్రీజు, కళ్లద్దాలు, చేతి తొడుగులు

1. బండి కిందికి దిగి చూడండి

సమతలమైన గట్టి నేల మీద బండి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ముందు భాగం లేపి చాసిస్ కింద స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి వెళ్లకండి. సైలెన్సర్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి.

టార్చి వేసి, ముందు నుంచి వెనక్కి వరుసగా చూసుకుంటూ రండి. రేడియేటర్ అడుగు, చాంబర్, డ్రైన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్, గేర్ బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ట్రాన్స్‌ఫర్ కేస్. బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైర్లు ఎటు పోతున్నాయో సుద్దతో గుర్తు పెట్టండి. కంపెనీ ఇచ్చిన గార్డ్ ఉంటే దాన్ని తీసి, ఆ బోల్టు రంధ్రాలు ఎక్కడున్నాయో రాసుకోండి. మీ కొత్త ప్లేటుకు మొదటి ఆధారం అవే.

బొలెరో వెనక యాక్సిల్ ఒకే దూలంలా ఉంటుంది. చక్రం రాయి ఎక్కితే యాక్సిల్ హౌసింగ్ కూడా దానితోపాటు లేస్తుంది. చాంబర్ అలా లేవదు, అది చాసిస్‌తోనే ఉంటుంది. కొత్తవాళ్లు హౌసింగ్ కిందికి ఉందని దాని గురించి బెంగపడతారు గానీ, ముందు కాపాడవలసింది చాంబర్‌నే.

2. లోహం ఎంచుకోండి

100 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లేటు అనుకుందాం. 3 ఎంఎం ఇనుమైతే దాదాపు పదహారున్నర కిలోలు, 4 ఎంఎం ఇనుమైతే 22 కిలోలు, 6 ఎంఎం అల్యూమినియమైతే 11 కిలోల పైచిలుకు బరువు తూగుతుంది.

అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. కానీ రాయి దాన్ని గీరి పట్టుకుంటుంది, ఇనుము మీద జారిపోతుంది. పైగా అల్యూమినియం వెల్డింగ్ ప్రతి షెడ్డులోనూ దొరకదు. వంగిన ఇనప ప్లేటును చిన్న ఊరి వెల్డింగ్ షాపులో కూడా సుత్తితో సరిచేయించుకోవచ్చు. చింతలనార్ వైపు తిరిగే బండికి 4 ఎంఎం ఇనుము మంచిదని నా సలహా. 3 ఎంఎం వాడితే కింద రెండు పట్టీలు నిలువుగా, అంటే బండి నడిచే దిశలో వెల్డ్ చేయించి బలం ఇవ్వండి.

3. అట్టతో నమూనా చేయండి

ఇనుము కోశాక తప్పు తెలిస్తే డబ్బు దండగ. అందుకే ముందు అట్టతో చేయాలి. చాసిస్ మీద ఉన్న బోల్టు తలలకు కాస్త గ్రీజు పూసి, అట్టను కింద నుంచి గట్టిగా అదిమి పట్టండి. గ్రీజు మచ్చలు పడ్డ చోటే రంధ్రాలు రావాలి. కొలతలు తీసి లెక్కలు వేయడం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి.

ముందు అంచు బంపర్ కింది నుంచి మొదలై, చాంబర్ అడుగు దాటి కనీసం అరచేయంత వెనక్కి రావాలి. ప్లేటుకూ చాంబర్‌కూ మధ్య 30 నుంచి 40 ఎంఎం ఖాళీ ఉంచండి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ప్లేటు దెబ్బకు కొంచెం వంగుతుంది. ఆ రెండింటికీ చోటు కావాలి. సైలెన్సర్ పైపు నుంచి ప్లేటు కనీసం 50 ఎంఎం దూరంగా ఉండాలి.

డ్రైన్ బోల్టు కింద పెట్టే కంత విషయంలో జాగ్రత్త. బోల్టు పక్కకు తిరిగి ఉంటే వేడి ఆయిల్ తిన్నగా కిందికి పడదు, ముందు వంపుగా చిమ్ముతుంది. ధార ఎటు పోతుందో ఊహించి, కంతను ఆ దిశగా కోలగా సాగదీయండి. రించి తిరిగేంత చోటు ఉందో లేదో అట్ట మీదే చూసుకోండి. ఆయిల్ ఫిల్టర్ కిందికి దిగేదైతే దానికీ దారి ఉంచండి.

4. కోయించి, వంపు తీయించండి

అట్ట నమూనా వెల్డింగ్ షాపువాళ్ల చేతికివ్వండి. ముందు భాగాన్ని 30 నుంచి 45 డిగ్రీలు పైకి వంచాలి. అప్పుడు బండి రాయిని గుద్దుకోదు, దాని మీదుగా జారుతుంది. పక్క అంచులు కూడా ఒక అంగుళం పైకి మడిస్తే ప్లేటుకు బిగువు వస్తుంది.

గేర్ బాక్స్ కింద రెండో ప్లేటు వేస్తుంటే, ముందు ప్లేటు వెనక అంచు రెండో ప్లేటుకు కింది వైపు ఉండాలి. ఇంటి పెంకులు ఒకదాని మీద ఒకటి వాలినట్టు. తిరగేసి వేస్తే రెండో ప్లేటు అంచు ప్రతి మోడునూ కొక్కెంలా పట్టుకుంటుంది.

గాలి ఆడడానికీ నీళ్లు పోవడానికీ 10 ఎంఎం వెడల్పున పొడవాటి గాట్లు పెట్టించండి, బండి నడిచే దిశలోనే. అంచులన్నీ గ్రైండర్‌తో నునుపు చేసి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక పెయింటు వేయండి.

5. చాసిస్‌కి బ్రాకెట్లు

కొత్త రంధ్రం వేయకుండా పని జరిగితే అంతకన్నా మంచిది లేదు. కంపెనీ రంధ్రాలు, క్రాస్ మెంబర్ మీద ఉన్న బోల్టులు, చాసిస్‌ను చుట్టి పట్టే యూ క్లాంపులు వాడండి. చాసిస్ పట్టీ పైఅంచుకు, కింది అంచుకు రంధ్రం వేయకండి, వెల్డింగ్ పెట్టకండి. బరువంతా మోసేది ఆ అంచులే, పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. బండి మీద ఏ చిన్న వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. లేకపోతే ఆల్టర్నేటర్, కంప్యూటర్ బాక్స్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్లేటు ఒక కొన చాసిస్‌కి, ఇంకో కొన ఇంజన్‌కో గేర్ బాక్స్‌కో బిగించడం పెద్ద పొరపాటు. ఇంజన్ ఊగిన ప్రతిసారీ బోల్టులు లాగుతాయి. రాయి దెబ్బ నేరుగా పోత లోహానికి తగులుతుంది. నాలుగు మూలలూ చాసిస్‌కే ఉండాలి.

6. బిగించండి

బ్రాకెట్లకు రంధ్రాలు 11 ఎంఎం, ప్లేటు వెనక వైపువి కాస్త కోలగా. అటూ ఇటూ సర్దుకోవడానికి ఇది కావాలి. ప్లేటును జాకీ మీద చెక్క పెట్టి మెల్లగా పైకి లేపి, ముందు అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించండి. తర్వాత ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటిగా బిగించుకుంటూ రండి. ఎం10 బోల్టుకు 45 నుంచి 50 న్యూటన్ మీటర్లు చాలు. బోల్టు తల ప్లేటులో ఇమిడిపోయేలా చిన్న గుంట ఉంటే రాళ్లు దాన్ని కోసేయవు.

7. పరీక్షించండి

చాంబర్ కింద, గేర్ బాక్స్ కింద ప్లేటు పైవైపు చపాతీ పిండి ముద్దలు ఒక్కొక్కటి అంగుళన్నర ఎత్తున పెట్టి గార్డ్ బిగించండి. గతుకుల్లో ఒక చుట్టు తిరిగి వచ్చి విప్పి చూడండి. ముద్ద ఎక్కడ ఎంత నలిగిందో చూస్తే ఖాళీ ఎక్కడ తక్కువైందో తెలిసిపోతుంది.

తర్వాత ప్లేటు నడిమధ్య జాకీ పెట్టి, ముందు స్ప్రింగులు సాగడం మొదలయ్యేదాకా లేపండి. ఎవరూ కింద ఉండకూడదు, పక్క నుంచి టార్చితో చూడాలి. అంత బరువు పడ్డా ప్లేటు చాంబర్‌ను తాకకపోతే మీ పని సరిగ్గా ఉన్నట్టే. తాకితే పట్టీలు వెల్డ్ చేయించి మళ్లీ చూడండి. మొదటి 50 కిలోమీటర్లలో ఇంజన్ వేడి ముల్లు మీద కన్నేసి ఉంచి, ఇంటికి వచ్చాక బోల్టులన్నీ మరోసారి బిగించండి.

తర్వాత చూసుకోవలసినవి

ఎండాకాలంలో తునికి, ఇప్ప ఆకులు రాలి బాటల మీద మందంగా పేరుకుంటాయి. అవి గార్డ్ పైకి చేరి సైలెన్సర్‌కు ఆనితే అంటుకుంటాయి. అడవి బాట నుంచి వచ్చిన ప్రతిసారీ చెయ్యి పెట్టి ఆకులు తీసేయండి. వానాకాలంలో ఎర్రమట్టి చేరి తడిని పట్టి ఉంచుతుంది, తుప్పు చాసిస్‌కి పాకుతుంది. వారానికోసారి నీళ్లు కొట్టి కడగండి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గార్డ్ పూర్తిగా దించి, పగుళ్లు, ఆయిల్ చెమ్మ చూడండి.

బంపర్ ముందుకు ఇనప కడ్డీలు మాత్రం కలపకండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. పాదచారులకు అవి ప్రమాదం, ఎయిర్ బ్యాగులు సమయానికి తెరుచుకోకుండా అడ్డుపడతాయి కూడా. మీ ప్లేటు బంపర్ కిందే ఆగాలి.

ఈ గార్డ్‌ను కవచం అనుకోకండి. 2018 మార్చి 13న ఇదే సుక్మా జిల్లా కిస్టారం దగ్గర, మందుపాతరల్ని తట్టుకునేలా కట్టిన వాహనమే మావోయిస్టుల పేలుడులో చిక్కుకోవడంతో 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మీరు బిగించే 4 ఎంఎం ఇనుము రాళ్లకూ మోళ్లకూ మాత్రమే. ఏ బాట మీద వెళ్లవచ్చో ఊరివాళ్లను అడిగి కదలండి, గార్డ్ ఉందన్న ధైర్యంతో వేగం పెంచకండి.

ఈ పని తొలకరికి ముందే పెట్టుకోండి. అట్ట నమూనాను మాత్రం పారేయకండి. రంధ్రాల కొలతలు, బండి మోడల్, సంవత్సరం దాని మీద రాసి, అదే బండి నడిపే మరొకరికి ఇవ్వండి. వాళ్లకు సగం పని తప్పుతుంది, ఆ దారిలో ఇంకో బండికి చాంబర్ నిలుస్తుంది.