ఈ ఒక్క రోజు

నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు. మంచి పనివాడు. అయితే సాయంత్రానికి కూలి డబ్బంతా మందు దుకాణానికి పోయేది.

మానతానని ఎన్నోసార్లు అన్నాడు. కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మాల తీశాక మళ్ళీ మొదలు. ఈసారి తాగుడు ఇంకా పెరిగింది. పొద్దున్నే గుక్క పడితేగానీ చేతి వణుకు ఆగేది కాదు.

ఒకరోజు భార్య అత్తను అడిగింది.

"అత్తా, ఆ రోజుల్లో మీరంతా సారా దుకాణాలే మూయించారు గదా. నీ కొడుకు చేత మాన్పించలేమా?"

అత్త చెప్పింది నిజమైన కథ. 1990 తరువాత నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకున్నారు. సారా గురించిన పాఠం చదివారు. అందులో తమ బతుకులే కనిపించాయి. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు.

"ఊళ్ళో దుకాణం పదిమందిమి కలిసి మూయించాం. వాడి నరాల్లో ఉండే దుకాణం ఎట్టా మూయించాలో నాకు తెలవదమ్మా" అంది అత్త.

కొన్నాళ్ళకు మేస్త్రీ తనంతట తానే మందు ఆపేశాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ రెండో రాత్రి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. కాళ్ళూ చేతులూ వణికాయి. "గోడ నిండా తేళ్ళు!" అని అరిచాడు. గోడమీద ఏమీ లేదు.

"కూరలో కలిపే పొడి ఉంది. తెలియకుండా పెట్టు, మానేస్తాడు" అంది పక్కింటామె.

అంతలో ఆశా కార్యకర్త వచ్చింది. "వద్దు చెల్లీ. డాక్టరు చెప్పకుండా, మనిషికి తెలియకుండా మందు కలిపితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు 108కి ఫోన్ చెయ్యి" అంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఇలా చెప్పాడు: "చాలాకాలం బాగా తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. అందుకే ఆసుపత్రిలో మందులు వాడుతూ మానాలి. తాగుడు ఒక జబ్బు. సిగ్గుపడే పని లేదు. అయితే మందులతోనే పని అయిపోదు. ఇంటికి వెళ్ళాక తోడు కావాలి. మానినవాళ్ళ సంఘం ఎక్కడుందో కనుక్కో."

ఎక్కడ కనుక్కోవాలి? ఎవరిని అడగాలి?

ఆసుపత్రి గోడమీద ఒక కాగితం అంటించి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "మత్తు అలవాటు మానడానికి సాయం. 14446. డబ్బు కట్టనక్కరలేదు." ఎవరి చేతా చదివించుకోలేదు. తానే చదివింది. తానే ఫోన్ చేసింది. మద్యం మాన్పించే కేంద్రం ఎక్కడుందో అవతలివాళ్ళు చెప్పారు. ఆ కేంద్రంలో అడిగితే సంఘం జాడ తెలిసింది.

ఆ సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. ఏ.ఏ. అని కూడా అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు రోగులు దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. చేరడానికి రుసుము లేదు. కులం, మతం అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఎవరు వచ్చారో, ఏం చెప్పారో బయట చెప్పరు.

ఇంటికి వచ్చాక భార్య మేస్త్రీతో అంది: "ఏమయ్యా, ఒక్కసారి పోయిచూడు. నచ్చకపోతే రాబోకు."

టౌనులో ఒక బడిగదిలో పదిహేనుమంది కూర్చున్నారు. ఆటో నడిపేవాడు, గుమాస్తా, రైతు. ఒక్కొక్కరూ తమ కథ చెప్పారు. ఎవరూ నీతులు చెప్పలేదు. "జన్మంతా మానతానని ఒట్టు వెయ్యొద్దు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉండు. రేపటి సంగతి రేపు" అన్నారు. మేస్త్రీ మొదటి రోజు నోరు విప్పలేదు. మరుసటి వారం తనే చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

తాగేవాళ్ళ ఇంటివాళ్ళకు కూడా సంఘం ఉంది. దాని పేరు ఆల్-అనాన్. అది కొన్ని పట్టణాల్లోనే ఉంది. అక్కడ భార్య ఒక సంగతి నేర్చుకుంది. మొగుడి మందు అప్పులు తాను తీర్చకూడదు. అతని తరపున మేస్త్రీపనిలో అబద్ధాలు చెప్పకూడదు. అతను తాగడం ఆమె తప్పు కాదు.

మూడు నెలలకు ఒక పెళ్ళిలో మేస్త్రీ మళ్ళీ తాగాడు. ఆమె గుండె జారిపోయింది. మర్నాడు అతనే సంఘానికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఎవరూ వెళ్ళగొట్టలేదు. "మళ్ళీ ఒకటో రోజు" అన్నారు.

ఇప్పుడు గోడ కాలెండరులో ఆమె రోజూ ఒక అంకె చుట్టూ గీత గీస్తుంది. ఇవాళ్టికి అరవై రెండు గీతలు.

చర్చించండి

1. ఎక్కువగా తాగేవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మందు ఆపితే ఏ ప్రమాదం ఉంది?
2. తెలియకుండా కూరలో మందు కలపడం ఎందుకు తప్పు?
3. మీ దగ్గరి సంఘం ఎక్కడుందో ఎవరిని అడుగుతారు?
4. 14446 అంకెలు మీ పుస్తకంలో రాసుకోండి. అవసరమైన ఇంకొకరికి చెప్పండి.